హాలుకు వేరే మెయిన్

రామసముద్రం దగ్గర మా అక్కవాళ్ళు పట్టుపురుగులకు షెడ్డు కట్టించారు. ఇంటికి కొంచెం ఎడంగా, మల్బరీ తోట అంచున ఉంటుంది. పోయిన నెల నేను వెళ్ళిన రోజున వైరింగు జరుగుతోంది. ఇంట్లోని బోర్డు నుంచి కేబుల్ లాగి, షెడ్డులో ఇంకో చిన్న బోర్డు బిగిస్తున్నాడు ఎలక్ట్రీషియన్. మా బావ ఊళ్ళో లేకపోవడంతో అతను నన్ను అడిగాడు.

"సార్, షెడ్డు బోర్డుకు వేరే మెయిన్ స్విచ్చి పెట్టల్లా? ఇంటికాడ దీనికని బ్రేకరుండాది. అది సాలదా?"

నాకు కరెంటు పని తెలియదు. మదనపల్లెలో ఒక స్కూలు లైబ్రరీ చూసుకునే మనిషిని. అయినా వెంటనే అన్నాను: "ఆడ ఆపితే, ఆగిందని ఈడుండే మనిషికి కనపడుతుందా?"

"యాడ కనపడుతుంది సార్? మధ్యలో పశువుల కొట్టం అడ్డముండాది."

"అట్లయితే పెట్టల్ల."

అతను తల ఊపి పనిలో పడ్డాడు. నేను బయటికి వచ్చి మల్బరీ చెట్ల మధ్య కాసేపు నిలబడ్డాను. ఆ ప్రశ్న నాకు ఒకాయన దగ్గర అబ్బింది. పుంగనూరులో మా చర్చికి కొన్నేళ్ళు పాస్టరుగా ఉండి, కుప్పానికి బదిలీ అయి, అక్కడ ఉండగానే ఆయన పోయారు. ఏడాది దాటింది. ఆయన పేరు లేని శిలాఫలకం ఒకటి ఈ కథలో వస్తుంది కాబట్టి నేను కూడా ఇక్కడ పేరు రాయను.

పాస్టరు కాకముందు ఆయన మదనపల్లెలో ఒక కాంట్రాక్టరు దగ్గర వైరింగు పని చేశారు. చొక్కా జేబులో పెన్ను పక్కన టెస్టరు పెట్టుకోవడం ఆ కాలపు అలవాటు. బాప్తిస్మపు సర్టిఫికెట్టు మీద సంతకం చేయబోయి, టెస్టరు తీసి, దాని మూత ఊడదీయడానికి తంటాలు పడడం నేను చూశాను. ఏ ఇంటికి వెళ్ళినా చెప్పులు విప్పుతూనే "మెయిన్ యాడుండాదమ్మా?" అని అడిగేవారు. కాఫీయా, టీయా అని ఇల్లాలు తేల్చుకునే లోపల ఆయన మెయిన్ ముందు నిలబడి ఉండేవారు.

మా వాళ్ళు కొత్త ఇంట్లో చేరేటప్పుడు పాస్టరును పిలిచి ప్రార్థన చేయించుకుంటారు. వాక్యం చదివి, పాట పాడి, గది గదికీ వెళ్ళి ప్రార్థించి, ఆ తర్వాత భోజనాలు పెడతారు. ఆయన దీనికి ఒకటి చేర్చారు. గదులన్నీ అయ్యాక అందరినీ మెయిన్ దగ్గరికి తీసుకొచ్చి, "పగులు ఇంట్లో ఉండేది ఎవురు?" అని అడిగేవారు. ఇంటి యజమాని ముందుకు వస్తే పక్కకు జరిపేవారు. "నువ్వు పొద్దన పోతే మాపుకు వస్తావు. నువ్వు యాలప్పా?" చివరికి ఆ ఇంటి ముసలమ్మో కోడలో మిగిలేది. ఆమె చేత మెయిన్ ఆపించేవారు. ఫ్యాను రెక్కలు పూర్తిగా నిలిచేదాకా అందరూ పైకి చూస్తూ ఉండాలి. ఆ ఉక్కలో ఒక చరణం పాడించేవారు. పాట అయ్యాక ఆమే మళ్ళీ వేసేది. అప్పుడు గానీ ఆమెన్ లేదు.

మా ఇంట్లో ఆ ఆమెన్ ఆలస్యమైంది. మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. పొట్టి మనిషి. మా మెయిన్ తలుపు పైన, నాకు అందే ఎత్తులో ఉంది. అమ్మ మునివేళ్ళ మీద లేచినా అందలేదు. నేను కుర్చీ తెచ్చాను.

"కుర్చీ యాలప్పా?" అన్నారు ఆయన.

"అమ్మకు అందలేదు కదయ్యగారూ."

"అవసరమొచ్చిన పొద్దు కుర్చీ యాడుండాదని ఎతుకుతుంది?"

ప్రార్థన అక్కడే ఆగిపోయింది. ఆయన భోజనం చేసి, అలసంద పులుసు రెండోసారి వేయించుకుని, వెళ్ళిపోయారు. అమ్మకు కోపం వచ్చింది. "పులుసు తిననొచ్చె, ఆమెన్ చెప్పను రాలేదా ఆయప్పకు?" అని ఆ సాయంత్రమంతా సణిగింది. అలాగని అలా వదిలేయనూలేదు. మర్నాడే మనిషిని పిలిపించి మెయిన్ కిందికి దించేదాకా నన్ను కూర్చోనివ్వలేదు. ఆయన మళ్ళీ వచ్చారు. అమ్మ ఆపింది, పాడాం, అమ్మ వేసింది, ఆమెన్ అయింది. "ఈ పొద్దు ఏం పులుసమ్మా?" అని అడిగారు.

ప్రసంగాలు చిన్నవిగా చెప్పేవారు. నాకు అందులో నచ్చింది, కరెంటు సంగతి ఒక్కసారి కూడా తేకపోవడం. వెలుగు గురించిన వాక్యం వచ్చినప్పుడల్లా సంఘంలో కొందరు ఎదురుచూసేవాళ్ళు. ఆ పని చేసిన మనిషి కదా, బల్బునూ దేవుణ్ణీ కలిపి మంచి పోలిక చెప్తారని. ఒకసారి ఎవరో అడిగేశారు కూడా. "కరెంటు కరెంటే, దేవుడు దేవుడే. రెండూ కలపగాకండి. షార్టయితుంది" అన్నారు. ఆయన నోట నేను విన్న పోలిక అదొక్కటే.

ఈ పట్టుదల ఎందుకని జనం కథలు అల్లారు. ఆయన తమ్ముడు షాకు కొట్టి పోయాడని ఒకరు, ఆయనే చావు తప్పించుకున్నాడని ఒకరు. నేను నేరుగా అడిగాను.

"ఎవురూ పోలేదప్పా" అన్నారు. "ఎవురన్నా పోతేనే సెప్పల్లా?"

చర్చి వెనక హాలు కట్టడం ఆయన కాలంలోనే జరిగింది. చర్చికీ హాలుకూ మధ్య ఖాళీ స్థలం, నీళ్ళ ట్యాంకు. మీటరూ పెద్ద బోర్డూ చర్చిలోపల, ఆరాధన సామాన్లు పెట్టే వెస్ట్రీ గదిలో ఉన్నాయి. వెస్ట్రీకి ఎప్పుడూ తాళం. తాళంచెవి గంట కొట్టే తాత దగ్గర. ఆ పెద్ద బోర్డులో హాలుకని ఒక బ్రేకరు పెట్టి, భూమిలో కేబుల్ వేసి, హాల్లో చిన్న బోర్డు బిగించారు. చిన్న బోర్డులో లైట్లకూ ఫ్యాన్లకూ వరసగా ఎంసీబీలనే చిన్న బ్రేకర్లు ఉన్నాయి. అన్నింటినీ ఒక్క దెబ్బకు ఆపే మెయిన్ మాత్రం అక్కడ లేదు. వచ్చే ఆదివారం బిషప్ గారు వచ్చి హాలు ప్రారంభించాలి. గోడలకు రంగులు కూడా అయిపోయాయి. అప్పుడు కమిటీ కూర్చుంది. కమిటీలో నేనూ ఉన్నాను.

హాలు కోసం అందరికంటే ఎక్కువ తిరిగింది మా ట్రెజరర్. సదుం వైపు రైతు. మంచివాడే. ఎంసీబీలకు ముందు మెయిన్ కావాలని పాస్టరు అన్నప్పుడు అతనికి నిజంగానే అర్థం కాలేదు.

"ఆడ బ్రేకరుండాది కదయ్యగారూ. అది దించితే హాలంతా ఆగిపోతుంది. ఈడ ఇంకోటి యాల?"

"ఆడికి పోయి దించేది ఎవురన్నా?"

"గంట తాత."

"తాత యాడుంటాడు?"

"యాడుంటే ఏమి, ఫోనుండాది కదా. నా తోటకాడ నేను చేసేదదే. బోరుకాడ్నించి ఇంటికి మిస్డ్ కాల్ ఇస్తా, మా ఆడామె ఇంటికాడ దించేస్తుంది. ఎన్నేండ్లుగానో జరగతాండాది."

"ఆమె ఎత్తకపోతే?"

"మిస్డ్ కాల్ ఎత్తేది ల్యా అయ్యా!"

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

"ఆమె దించిందని నీకెట్ల తెలుస్తుంది?"

"మళ్ళా ఆమె ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది."

"అది అన్నానికి పిలిచిందైతే?"

మా వైపు పొలాల్లో చాలామంది ఇలాగే మోటరు మీద చెయ్యి వేస్తారని ఆ గదిలో అందరికీ తెలుసు. ట్రెజరర్, "ఇన్నేండ్లకు ఏమీ కాలేదు కదా" అన్నాడు.

"ఆపినోనికి ఆగింది కనపడాల. ఆడుండేవోనికి ఆపేది అందాల. నేనడిగేది ఇంతే" అన్నారు ఆయన. "ఇదే చర్చి గోడకు ఆనుకొని గది కట్టింటే నేనడగను. ఒకే కప్పు కింద, తాళం లేకుండా, పిలిస్తే పలికే దూరంలో ఉంటే ఒకటే సాలు. ఇది వేరే ఇల్లు. వేరే ఇంటికి దాని మెయిన్ దానికుండాల."

ఎలక్ట్రీషియన్ని పిలిపించి అడిగారు. పెట్టొచ్చు గానీ గుమ్మం పక్కన గోడకు గాడి కొట్టాలి, రంగు పాడవుతుంది అన్నాడు. ట్రెజరర్ బతిమాలాడు. "పండగ కానీండయ్యగారూ. అయినాంక పెట్టిస్తాం."

"పెట్టినాంకే పండగ."

అప్పుడు అతనికీ కోపం వచ్చింది. "ఇట్ల మొండికేస్తే పైకి రాస్తాము. కుప్పానికి పొమ్మంటారు."

"కుప్పంలో ఇండ్లు ల్యావా?" అని లేచారు ఆయన.

ఆ రోజు ఆయన్ని ఇంటిదాకా సాగనంపుతూ అడిగాను. టెస్టరు జేబులోనే ఉంది, పని చేతిలో ఉంది. ఒక మెయిన్ కొని ఆయనే బిగించేస్తే గొడవ పోతుంది కదా అని. "నేను పెడితే అది నా స్విచ్చయితుందప్పా. నేను పోతానే ఎవరో ఒకరు దాని మింద క్యాలెండరు తగిలిస్తారు. వాళ్ళే పెట్టుకోవల్ల" అన్నారు. ఆ మాట సగం నిజమనీ, మిగతా సగం మొండితనమనీ నాకు అప్పుడు అనిపించింది. ఇప్పుడూ అదే అనుకుంటాను. చనిపోయిన వాళ్ళను మంచివాళ్ళుగా దిద్దడం నాకు చేతకాదు.

ఆదివారం బిషప్ గారు వచ్చారు. పాస్టరు చర్చి నుంచి ఊరేగింపును నడిపించుకుంటూ హాలు మెట్ల దాకా వచ్చి, పక్కకు తప్పుకున్నారు. రిబ్బను కత్తిరించారు. పేర్లు చెక్కిన రాయి మీద తెర తీశారు. హాలును ప్రతిష్ఠించిన వారిగా తన పేరు వద్దని పాస్టరు ముందే చెప్పడంతో ఆ రాయి మీద ఆయన పేరు లేదు. అందరూ లోపలికి వెళ్ళారు. నేను గుమ్మం దగ్గరే ఆగాను. ఆయన నీళ్ళ ట్యాంకు పక్కన తల వంచుకుని నిలబడ్డారు. లోపలి ప్రార్థన మైకులో బయటికి వినబడుతూనే ఉంది. చివర ఆయన ఆమెన్ అన్నారో లేదో నాకు వినపడలేదు.

ఆ తర్వాత ఆయన ఆ హాల్లో అడుగుపెట్టలేదు. హాల్లో పెళ్ళి భోజనాలైతే విస్తరి బయటికి తెప్పించుకుని ట్యాంకు గట్టు మీద తినేవారు. "అయ్యగారు మడి కట్టుకున్న్యారు" అని ట్రెజరర్ అనేవాడు. నవ్వేవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ వెక్కిరింత ఆయన దాకా వెళ్ళింది కూడా. "మడి బట్ట యాడ దొరుకుతుందో కనుక్కోండి" అన్నారట.

ఒక మధ్యాహ్నం స్త్రీల సమాజం హాల్లో కూడింది. పెద్ద వాన పట్టింది. కొత్త కప్పు కారి, నీళ్ళు గోడ వెంబడి చిన్న బోర్డులోకి దిగాయి. బోర్డు చిటపటమంది. కాలిన వాసన. తడి బోర్డు మీద వేలు పెట్టి ఎంసీబీలు దించే ధైర్యం ఎవరికి ఉంటుంది? మా అమ్మ వానలోనే చర్చికి పరుగెత్తి వెస్ట్రీ తాళం పట్టుకుని లాగింది. తాతకు ఫోన్ చేసింది. తాత సంతలో ఉన్నాడు, ఫోన్ మోగుతోంది, ఎత్తలేదు. ఆడవాళ్ళంతా హాలు వదిలి చర్చి పంచలో నిలబడ్డారు. ఎదురుగా హాల్లో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

పాస్టరు ఇంట్లోంచి చూసి గొడుగు వేసుకుని వచ్చారు. విషయం కనుక్కున్నారు. వెనక్కి వెళ్ళి ఉడకబెట్టిన చెనక్కాయలు గిన్నెనిండా తెచ్చి పంచలో పెట్టారు. తాత వచ్చి తాళం తీసేదాకా వాళ్ళతోనే కూర్చున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

అమ్మ తడిసి ఇంటికొచ్చింది. తల తుడుచుకుంటూ, "ఒక్క మాటనలేదురా" అంది. "నేను సెప్పలేదా అని అనింటే బాగుండు. చెనక్కాయలు తినండమ్మా అంటాడు."

బదిలీ ఉత్తరువు ఆ తర్వాతే వచ్చింది. కుప్పానికే. ట్రెజరర్ రాసినందుకో, ఆయన వంతు వచ్చినందుకో నాకు తెలియదు. వీడ్కోలు సభ హాల్లో పెట్టాలని కమిటీ అనుకుంది. ఆయన సరేనన్నారు. "మీరు లోపల కూచోండి. నేను మెట్లకాడ నిలబడి వింటా."

సభకు ముందురోజు స్త్రీల సమాజం వాళ్ళు ఎలక్ట్రీషియన్ని పిలిపించారు. మా అమ్మ అతన్ని గుమ్మం పక్కకు తీసుకెళ్ళింది. ఆ సమయానికి కుర్చీలు సర్దడానికి నేను హాల్లో ఉన్నాను.

"ఈడ గాడి కొట్టు నాయనా."

"ట్రెజరరన్నకు తెలుసామ్మా?"

"గోడ పగిలినాంక తెలుస్తుందిలే."

ఎంత ఎత్తులో పెట్టాలని అతను అడిగాడు. అమ్మ గోడకు వీపు ఆనించి నిలబడి, చెయ్యి కొంచెం ఎత్తి, వేలితో తాకి చూపించింది. అక్కడ అతను సుద్దతో గీత గీశాడు. మధ్యాహ్నానికి మెయిన్ వచ్చింది. దాని చుట్టూ నిమ్మపండు రంగు గోడ మీద బూడిదరంగు సిమెంటు మరక మిగిలింది. అది ఇప్పటికీ ఉంది.

ట్రెజరర్ సాయంత్రం వచ్చి చాలాసేపు చూశాడు. "నన్నడిగింటే నేనే పెట్టించనామ్మా?"

"అడిగినోడు కుప్పం పోతాండాడు కదప్పా" అంది అమ్మ.

మర్నాడు అందరికంటే ముందు వచ్చి హాలు ఊడిపించింది అతనే.

సభ మొదలయ్యే వేళకు పాస్టరు మెట్ల దగ్గర ఆగారు. అమ్మ ఎదురెళ్ళింది. "లోపలికి రాండయ్యగారూ. మెయిన్ యాడుండాదో సూపిస్తా."

ఆయన ఆమె వైపు చూశారు. చెప్పులు విప్పారు. గుమ్మం దాటి, పక్కనే ఉన్న మెయిన్ చూసి, సిమెంటు మరక మీద చెయ్యి పెట్టి, అక్కడే నిలబడ్డ ఎలక్ట్రీషియన్‌తో "గాడి వంకరబోయింది నాయనా" అన్నారు. ఆ తర్వాత మామూలుగానే అడిగారు: "పగులు ఈడుండేది ఎవురు?" స్త్రీల సమాజం వాళ్ళు అమ్మను ముందుకు నెట్టారు. అమ్మ ఆపింది. ఫ్యాన్లు ఒక్కొక్కటే నెమ్మదించి నిలిచాయి. ఒక చరణం పాడాం. అమ్మ వేసింది. ఆయన ఆమెన్ అన్నారు. ఆ హాలు ఆ రోజున ప్రతిష్ఠ అయిందని మా అమ్మ లెక్క. రాయి మీద ఉన్న తారీఖును ఆమె ఒప్పుకోదు.

ఆ తర్వాత ఒకసారి కుప్పం వెళ్ళి ఆయన్ని చూశాను. అక్కడివాళ్ళు ఈయన సంగతి ముందే విన్నారు. ఆయన చేరేలోపే మెప్పించాలని, పాస్టరు ఇంటి వంటగది బోర్డుకు పెద్ద మెయిన్ ఒకటి బిగించి పెట్టారు. ఆయన దాన్ని నాకు చూపించి నవ్వారు. "దీని మెయిన్ ఈ గోడవతల గుమ్మంలోనే ఉండాదప్పా. చెయ్యి సాపితే అందుతుంది. మళ్ళా ఇదొకటి! వద్దంటే ఏమనుకుంటారో అని ఉంచుకున్న్యా." వంటగదిలో ఆ మెయిన్ పిడికి ఆయన తువ్వాలు తగిలించి ఉంది. కుప్పంలో తమిళం, కన్నడం రెండూ కావాలి. ఏం నేర్చుకున్నారని అడిగాను. మెయిన్ ఎక్కడుంది, ఎవరు ఆపుతారు, అన్నం ఉందా అని రెండు భాషల్లోనూ అడగడం వచ్చిందన్నారు.

ఆయన నిద్రలో పోయారని ఫోన్ వచ్చింది. భార్య సమాధి పుంగనూరులో ఉంది కాబట్టి ఆయన్ని ఇక్కడికే తీసుకొచ్చారు. ఆయన్ని ఉంచిన ఐసు పెట్టెను హాల్లో, గుమ్మానికి ఎదురుగా పెట్టి, ప్లగ్గు పెట్టారు. రోజంతా జనం వచ్చారు. నేను ఎరగని ఊళ్ళవాళ్ళు, ఆయన గృహప్రవేశపు ప్రార్థన చేసిన ఇళ్ళవాళ్ళు. వాళ్ళలో ముసలమ్మలు చాలామంది. వచ్చినవాళ్ళు ముందు పెట్టె దగ్గరికి వెళ్ళి, వెనక్కి వస్తూ గుమ్మం పక్కకు ఒకసారి చూసేవాళ్ళు.

సమాధి తోటకు బయలుదేరే వేళైంది. పెట్టె ఎత్తడానికి మనుషులు చుట్టూ నిలబడ్డారు. ట్రెజరర్ ప్లగ్గు పీకడానికి వంగాడు.

"ఉండప్పా" అంది అమ్మ.

ఆమె ఇప్పుడు కర్ర లేకుండా నడవలేదు. కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుంటూ గుమ్మం దాకా వెళ్ళింది. నేను లేవబోతే కర్రతో కూర్చోమని సైగ చేసింది. నడుము వంగినా చెయ్యి మెయిన్‌కు అందింది. ఆపింది.

లైట్లు పోయాయి. ఐసు పెట్టె మోత నిలిచింది. ఉదయం నుంచి అది మోగుతూనే ఉందని అప్పుడు తెలిసింది. ట్రెజరర్ తల ఎత్తి ఫ్యాన్ల వైపు చూశాడు. అందరం చూశాం. చివరి రెక్క నిలిచాక అమ్మ, "పాడండి" అంది.

ఒక చరణం పాడాం. ఆయన్ని ఎత్తుకుని మెట్లు దిగారు. అమ్మ మెయిన్ వెయ్యలేదు. వెయ్యమని ఎవరూ అనలేదు. ఊరేగింపు గేటు దాటాక నేను ఆమెను తీసుకెళ్ళడానికి వెనక్కి వచ్చాను. చీకటి హాల్లో మెయిన్ పక్కనే గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"పోయినారా?" అని అడిగింది.

"పోయినారు."

అప్పుడు మెయిన్ వేసి, ఆమెన్ అంది.